కర్నూలు ఎండకి బర్నర్ ట్యూనింగ్

కర్నూలు చుట్టుపక్కల గ్యాస్ బాయిలర్ మొరాయిస్తే ఫోన్ చేసే నలుగురైదుగురిలో నేనొకణ్ని. లాడ్జీలు, ఆసుపత్రి లాండ్రీలు, హాస్టల్ వంటశాలలు, పాల డెయిరీలు, ఇవే నా గిరాకీ. ఇండ్లలో గీజర్ల జోలికి పోను. బర్నర్ వెలగకపోతే అందరూ పిలుస్తారు. వెలుగుతున్న బర్నర్ సరిగ్గా మండుతోందో లేదో చూసిపొమ్మని పిలిచేవాళ్లు తక్కువ. ఒకవేళ పిలిచినా దాని వెనక ఉండే కారణం ఒకటే, గ్యాస్ బిల్లు.

మంత్రాలయంలో ఒక లాడ్జి యజమాని కూడా అందుకే పిలిచాడు. స్నానాల వేడినీళ్లకి గంటకు లక్ష కిలో క్యాలరీల హాట్ వాటర్ జనరేటర్ అనే బాయిలర్ ఉంది. దానికి రెండు స్టేజీల బర్నర్, పెద్ద మంట హై ఫైర్, చిన్న మంట లో ఫైర్. బయట పందిరి కింద 19 కిలోల సిలిండర్లు, 12 చొప్పున రెండు వరుసలు. మంత్రాలయంలో వేడినీళ్ల గొడవంతా తెల్లవారుజామునే. దర్శనానికి పోయేవాళ్లు నాలుగింటికే కుళాయి తిప్పుతారు. గురువారమైతే ఇంక చెప్పే పనేలేదు. అందుకని గురువారం వదిలేసి, శనివారం తెల్లారేలోపు అక్కడ ఉండేటట్టు బయల్దేరాను. పగటిపూట పోతే లాభం లేదు. వాడకం లేనప్పుడు నీళ్లు పది నిమిషాల్లో వేడెక్కుతాయి, థర్మోస్టాట్ బర్నర్‌ని ఆపేస్తుంది. హై ఫైర్ మీద కాసేపైనా నిలవని బర్నర్‌ని పరీక్షించడం కుదరదు. గదులన్నిటిలో కుళాయిలు విప్పి నీళ్లు పారబోస్తే లోడ్ వస్తుంది గానీ, ఎండాకాలంలో అంత నీళ్లు పారబోయడానికి ఎవరికీ మనసొప్పదు. జనం ఎటూ స్నానాలు చేస్తున్నప్పుడే మనం పోతే సరి.

యజమాని గేటు దగ్గరే మొదలుపెట్టాడు. "మంట నీలంగానే ఉందన్నా. ముందు వచ్చినాయన బాగానే సెట్ చేసి పోయినాడు. ఐనా సిలిండర్లు నిలబడ్డంలేదు."

నీలం మంట గురించి ఒక మాట చెప్పాలి. పసుపు పచ్చగా, పొగరేగుతూ మండుతుంటే గాలి చాలడం లేదని కంటికే తెలుస్తుంది. అంతవరకు కన్ను పనికొస్తుంది. నీలంగా మండేటప్పుడు మాత్రం కన్ను ఏమీ చెప్పలేదు. గాలి సరిగ్గా ఉన్నా నీలమే, అవసరానికి రెట్టింపు ఉన్నా నీలమే. గాలి ఎక్కువైతే ఏం పోయిందంటారా, ఆ అదనపు గాలి బాయిలర్‌లోకి 35 డిగ్రీల్లో పోయి 230 డిగ్రీల్లో చిమ్నీ గుండా బయటపడుతుంది. దాన్ని వేడి చేసిన గ్యాస్ మీ డబ్బే. ఇంకోటి, గాలి మరీ ఎక్కువైనా కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) పుడుతుంది. మంట చల్లబడి, మండడం పూర్తికాకముందే ఆరిపోతుంది. కాబట్టి పొగని కొలిచే అనలైజర్ సీఓ ఎక్కువ చూపించగానే గాలి తెరవడం కాదు. పక్కన ఆక్సిజన్ అంకె ఎంతుందో చూశాకే డ్యాంపర్ మీద, అంటే గాలిని పెంచే తగ్గించే రేకు మీద, చెయ్యి వెయ్యాలి. రెండంకెలూ కలిపి చదివితేనే ఏ పక్కకి తిప్పాలో తెలుస్తుంది.

ధూళి వల్ల మంటలో నారింజ రంగు నిప్పురవ్వలు లేస్తాయి, అది చూసి కంగారుపడేవాళ్లూ ఉన్నారు. అది దుమ్ము కాలుతున్నది, గ్యాస్‌తో సంబంధం లేదు. నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్ల పక్కన ఉన్న హాస్టల్ ఏదైనా చూడండి, ఏ బర్నర్ మంట చూసినా అలాగే ఉంటుంది.

బాయిలర్ గది తలుపు తీయగానే అనలైజర్ సంచీ కింద పెట్టేశాను, ఎందుకంటే లోపల ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. గాలి రావడానికి గోడకి కింద ఒకటి, పైన ఒకటి జాలీలు పెట్టి కట్టారు. కింద జాలీకి అడ్డంగా పాత పరుపులు దొంతర పెట్టారు. పై జాలీకి ఎవరో అట్టముక్క కొట్టారు, వాన జల్లు కొడుతుందని. ఓ మూల నులక మంచం, దాని మీద దుప్పటి. అక్కడ పడుకునేది రాత్రి డ్యూటీ వాచ్‌మన్.

"ఈడనే పండుకుంటావా?" అని అడిగాను.

"ఔన్సార్. చలికాలం ఎచ్చగా ఉంటాదని అలవాటైపోయినాది. తెల్లారేసరికి కండ్లు మండుతాయి, తల దిమ్ముగా ఉంటాది. గ్యాస్ వాసన మాత్రం రాదు సార్."

వాసన రాదు మరి. ఎల్‌పీజీకి వాసన కలుపుతారు గనక లీకైతే ముక్కు పట్టేస్తుంది. సీఓకి రంగూ లేదు, వాసనా లేదు. కళ్లు మండడం సీఓ వల్ల కాదు, సగం మండిన గ్యాస్‌లోంచి వచ్చే ఆల్డిహైడ్‌ల వల్ల. అవి ఉన్నాయంటే సీఓ కూడా ఉన్నట్టే లెక్క. సీఓ నెత్తుట్లో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నాక తొందరగా వదలదు. చలికాలంలో బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్ వెలిగించుకుని మనుషులు పోయిన వార్తలు చదువుతుంటాం కదా, ఆ కథంతా ఇదే.

నా జేబులో చిన్న సీఓ అలారం ఎప్పుడూ ఉంటుంది. మంచం దగ్గర పెడితే 38 పీపీఎం చూపించింది, అంటే పదిలక్షల పాళ్ల గాలిలో 38 పాళ్లు సీఓ. ఎనిమిది గంటల సగటుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఘనపు మీటరుకి 10 మిల్లీగ్రాములు, అంటే 9 పీపీఎం దగ్గర. ఆ మనిషి హద్దుకి నాలుగింతల సీఓ ఉన్న గాలిలో రాత్రంతా పడుకుంటున్నాడు. మంచం బయటికి వేయించాను. పరుపులు తీయించాను. అట్టముక్క నేనే పీకేశాను. యజమానితో అప్పుడే చెప్పేశాను, ఈ మంచం మళ్లీ ఈ గదిలో కనబడితే బర్నర్ నేను స్టార్ట్ చేయను అని. గ్యాస్ బిల్లు మాట అప్పటిదాకా ఎత్తలేదు.

అసలు సీఓ చిమ్నీలోంచి గదిలోకి ఎలా వస్తోంది? పక్కనే వంటశాల ఉంది, దానికి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్. మధ్య తలుపు కింద జానెడు సందు. జాలీలు మూసుకుపోయిన గదిలోంచి ఆ ఫ్యాన్ గాలి లాగేస్తోంది. చిమ్నీకి ఒత్తిడి కొలిచే మానోమీటర్ తగిలించి చూశాం. జాలీలు మూసిన స్థితిలో, వంటశాల ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు చిమ్నీలో 2 పాస్కల్స్ ప్లస్. అంటే పొగ పైకి పోవడం లేదు, జాయింట్ల సందుల్లోంచి గదిలోకి తోసుకొస్తోంది. తలుపు బార్లా తెరిచాం, అదే మీటర్ 6 పాస్కల్స్ మైనస్‌కి దిగింది. తలుపు తెరిచి ఉంచితే ఒక రీడింగ్, మూస్తే ఇంకో రీడింగ్. కాబట్టి గది రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంచి పరీక్షించాలి. టెక్నీషియన్ ఉక్కపోతకి తలుపు తెరుచుకుని పనిచేసి, పోతూపోతూ మూసేసి పోతే ఆయన రాసిన అంకెలకి విలువ లేదు.

ఇక అనలైజర్. ఇది కొనడానికి అప్పట్లో చాలా ఆలోచించాను, మామూలు ధర కాదు. లోపల ఆక్సిజన్‌కి, సీఓకి వేరువేరు సెన్సార్లుంటాయి. ఎలక్ట్రోకెమికల్ సెన్సార్లు వాడినా వాడకపోయినా రెండు మూడేళ్లకు అరిగిపోతాయి. ఏడాదికోసారి క్యాలిబ్రేషన్ చేయించకపోతే దాని మాట నమ్మడానికి లేదు. దాన్ని బాయిలర్ గదిలో ఆన్ చేయకూడదు. ఆన్ చేసినప్పుడు చుట్టూ ఉన్న గాలిని అది సున్నా సీఓ అనుకుంటుంది. ఆ గదిలో అప్పటికే సీఓ ఉంటే, తర్వాత చూపించే ప్రతి అంకె అంత తక్కువ పడుతుంది. నేను ఎప్పుడూ ఆరుబయట, సిలిండర్లకి దూరంగా ఆన్ చేసి, ఆక్సిజన్ 20.9 దగ్గర నిలబడ్డాకే లోపలికి తెస్తాను. నీటి బుడ్డీ ఖాళీ చేశానా, ఫిల్టర్ నల్లబడిందా, గొట్టానికి ఎక్కడైనా చీలిక ఉందా చూస్తాను. చిమ్నీలోంచి పొగ లాగే ప్రోబ్ గొట్టం చీలితే బయటి గాలి కలిసి ఆక్సిజన్ ఎక్కువ చూపిస్తుంది. అది నమ్మి గాలి తగ్గించుకుంటూ పోతే బర్నర్ ఊపిరాడక సీఓ కక్కుతుంది.

ప్రోబ్ పెట్టే రంధ్రం బాయిలర్ నుంచి పొగ బయటికొచ్చాక, బయటి గాలి ఏదీ కలవకముందు ఉండాలి. ఈ లాడ్జిలో అసలు రంధ్రమే లేదు. ముందు వచ్చినాయన "సెట్ చేశాను" అన్నది దేన్ని చూసి చేశాడో అర్థమైపోయింది. డ్రిల్లు పెట్టి రంధ్రం చేశాం. ప్రోబ్ లోపలికి నెట్టి, కొంచెం కొంచెంగా జరుపుతూ వేడి ఎక్కడ ఎక్కువ చూపిస్తే అక్కడ ఆపాలి. పొగ అసలు ప్రవాహం అక్కడే ఉంటుంది, గొట్టం గోడ పక్కన కాదు.

మొదటి రీడింగ్ హై ఫైర్ మీద. ఆక్సిజన్ 8.6 శాతం, సీఓ 12 పీపీఎం, చిమ్నీలో 238 డిగ్రీలు, బర్నర్ పీల్చే గాలి 36 డిగ్రీలు. సీఓ చూస్తే ముద్దొస్తుంది. ఆక్సిజనేమో అవసరానికి మించి 60 శాతానికి పైగా గాలి పోతోందని చెబుతోంది. చిమ్నీ నష్టం లెక్కకి జర్మనీ వాళ్ల జీగర్ట్ సూత్రం ఉంది, చాలా అనలైజర్లు దాని మీదే నడుస్తాయి. పొగ వేడిలోంచి గాలి వేడి తీసేసి, దాన్ని ఎల్‌పీజీకైతే 0.63ని 21లోంచి ఆక్సిజన్ తీసేసిన అంకెతో భాగించి 0.008 కలిపినదానితో హెచ్చవేయాలి. చేత్తో వేసి చూసుకున్నా 11.9 శాతం వస్తుంది. నూరు రూపాయల గ్యాస్‌లో పన్నెండు రూపాయలు ఆకాశానికి.

తర్వాత లో ఫైర్ మీద పెట్టించాను. ఇక్కడ బండారం బయటపడింది. ఆక్సిజన్ 1.4, సీఓ 640. ముందాయన హై ఫైర్ మీద బాగా గాలి తెరిచి, గాజు కిటికీలోంచి నీలి మంట చూసి సంతోషపడ్డాడు. లో ఫైర్‌కి గాలి ఎంతో నిర్ణయించే క్యామ్ ముట్టుకోనేలేదు. లాడ్జి బర్నర్ రోజులో ఎక్కువసేపు ఉండేదేమో లో ఫైర్‌లోనే! జనం స్నానాలయ్యాక, రాత్రంతా, ట్యాంకు వేడి నిలబెట్టడానికి చిన్న మంట మీదే నడుస్తుంది. వాచ్‌మన్ తలనొప్పి అక్కడినుంచే. ట్యూబుల్లో మసి పట్టిందీ అక్కడినుంచే. మసి పట్టిన ట్యూబులు వేడిని నీళ్లకి ఇవ్వవు, అందుకే హై ఫైర్‌లో చిమ్నీ అంత కాలుతోంది. ఒక్క స్టేజీ చూసి రిపోర్ట్ రాసిచ్చేవాళ్లని నేను అందుకే నమ్మను.

సీఓ అంకె గురించి ఇంకో సంగతి. పొగలో అదనపు గాలి ఎక్కువుంటే సీఓ పల్చబడి తక్కువ కనిపిస్తుంది. అందుకని దాన్ని గాలి లేకుండా ఉన్నట్టు లెక్కకట్టి చూసుకోవాలి. 20.9ని, 20.9లోంచి ఆక్సిజన్ తీసేసిన అంకెతో భాగించి సీఓతో హెచ్చవేస్తే అసలు సంగతి వస్తుంది. ఆక్సిజన్ 10 శాతం దగ్గర 90 పీపీఎం చూపిస్తే అసలు 170 దాటినట్టు. "నూరు లోపే ఉంది కదా" అని సరిపెట్టుకోకూడదు. అలా లెక్కకట్టాక నూరు దాటితే నేను బర్నర్‌ని అలాగే వదిలి రాను. 400 దాటితే ఆపేసి, మెయిన్ వాల్వ్ కట్టేసి, యజమానితో మాట్లాడతాను. అది నేను పెట్టుకున్న కట్టుబాటు.

ఇంత చూశాక కూడా స్క్రూడ్రైవర్ తీయలేదు. మురికి మీద ట్యూనింగ్ చేస్తే నెల తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది. స్నానాల రద్దీ తగ్గాక బర్నర్ ఆపి, గ్యాస్ కట్టి, బ్లోయర్ విప్పాం. ఫ్యాన్ రెక్కల మీద మెత్తటి బూడిదరంగు పొర, వేలితో గీస్తే చారలు పడుతోంది. లాండ్రీ దుప్పట్ల నూలు, రోడ్డు దుమ్ము కలిసి పట్టుకున్నాయి. ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లుల దగ్గరైతే ఈ పొర నెలరోజుల్లో పేరుకుంటుంది. రెక్క వంపులో పొర పేరుకుంటే ఫ్యాన్ తిరుగుతున్నట్టే ఉంటుంది, గాలి మాత్రం తోయదు. బ్రష్‌తో గీకి, కంప్రెసర్‌తో ఊది, మంట ముందుండే డిఫ్యూజర్ పళ్లెం మసి తుడిచి, ఎలక్ట్రోడ్ సందు సరిచేసి బిగించాం. బాయిలర్ వెనక తలుపు తీసి మా కుర్రాడు ట్యూబ్ బ్రష్ ఆడిస్తుంటే తట్టెడు మసి రాలింది. ఆ తర్వాత వాడి ముఖం చూసి వాచ్‌మన్ ఒకటే నవ్వు.

గాలికంటే ముందు గ్యాస్. గ్యాస్ ప్రెషర్ కుదరకుండా గాలి తిప్పడం వృథా. గ్యాస్ ప్రెషర్‌ని అదుపులో ఉంచే గవర్నర్‌కి ముందు, తర్వాత మానోమీటర్ పెట్టి బర్నర్ హై ఫైర్‌లో ఉన్నప్పుడు ప్రెషర్ నిలకడగా ఉందో లేదో చూడాలి. ఆగి ఉన్నప్పుడు చూసే ప్రెషర్‌తో పనిలేదు, గ్యాస్ పారుతున్నప్పుడు ఎంత పడిపోతోందన్నదే ముఖ్యం. ఇక్కడ అది మెల్లగా జారుతోంది. బయటికి పోయి చూస్తే పన్నెండు సిలిండర్ల వరుసలో ఏడింటికే పిగ్‌టెయిల్ (సిలిండర్‌ని పైపుకి కలిపే గొట్టం) తగిలించి ఉంది, మిగతావి ఖాళీ హుక్కులు. వాడుతున్న సిలిండర్ల కింది సగం చెమట పట్టి చల్లగా ఉన్నాయి. ద్రవం గ్యాస్‌గా మారాలంటే వేడి కావాలి, ఆ వేడిని సిలిండర్ చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కోవాలి. మామూలుగా ఒక 19 కిలోల సిలిండర్ నుంచి నిలకడగా గంటకు కిలో అటూఇటూ తీయవచ్చు. ఈ బర్నర్ ఫుల్ మీద గంటకు పది కిలోలు అడుగుతుంది. ఏడు సిలిండర్లు ఎక్కడ చాలుతాయి? పన్నెండూ తగిలించాకే ప్రెషర్ నిలబడింది. ప్రతి జాయింట్‌కీ సబ్బు నీళ్లు కొట్టి బుడగలు చూశాం. అగ్గిపుల్లతో లీకు చూసేవాళ్లు ఇంకా ఉన్నారు మన దగ్గర, వాళ్ల గురించి ఏం రాయను.

అప్పుడు డ్యాంపర్. హై ఫైర్ క్యామ్ నట్టు వదులు చేసి, పావు గీత తిప్పి, చేయి తీసేసి ఆగాలి. అనలైజర్‌కి పొగ గొట్టం గుండా చేరాలి, సెన్సార్ స్పందించాలి, బాయిలర్ కొత్త మంటకి సర్దుకోవాలి. రెండు నిమిషాలైనా ఆగకుండా మళ్లీ తిప్పేవాళ్లు అంకెల వెంట పరిగెత్తుతూనే ఉంటారు. 8.6 నుంచి ఏడు, ఆరు, ఐదు. సీఓ కదల్లేదు. నాలుగు దగ్గర 25 అయింది. మూడు దాటి కిందికి పోగానే 60, మరి కాస్త తిప్పేసరికి 200 దాటింది. దాని అంచు ఎక్కడుందో చూడ్డానికే అక్కడిదాకా తీసుకుపోతాను, ఉంచడానికి కాదు. బావి గట్టు ఎక్కడుందో తెలుసుకుని రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డట్టు, మళ్లీ గాలి తెరుచుకుంటూ వచ్చి 4.6 దగ్గర నట్టు బిగించాను. తర్వాత లో ఫైర్, అక్కడ 5.2. చిన్న మంటలో గాలి, గ్యాస్ కలవడం అంత బాగుండదు, అందుకని కాస్త ఎక్కువ పెడతాను. లో ఫైర్ ముట్టుకున్నాక హై ఫైర్ మళ్లీ చూడాలి, ఒకటి కదిపితే రెండోది కదులుతుంది.

చివరి అంకెలివి. హై ఫైర్‌లో ఆక్సిజన్ 4.6, సీఓ 18, చిమ్నీ 196, గది గాలి 37. నష్టం 7.4 శాతం. లో ఫైర్‌లో ఆక్సిజన్ 5.2, సీఓ 9, చిమ్నీ 148.

ఇక్కడ నాతో వాదించే కుర్ర ఇంజినీర్లు ఉన్నారు. పుస్తకంలో ఆక్సిజన్ 3 శాతం అని ఉంటే 4.6 ఎందుకు పెట్టావు, అర శాతం గ్యాస్ పోగొట్టావు కదా అంటారు. ఆ పుస్తకం రాసినాయన కర్నూలు మే నెల చూడలేదు.

బ్లోయర్ గాలిని బరువు చూసి తోయదు, ఘనపరిమాణం చూసి తోస్తుంది. వేడెక్కితే గాలి పల్చబడుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున 18 డిగ్రీల గాలి పీల్చే ఫ్యాన్, మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల గాలి పీలిస్తే, అదే డ్యాంపర్ మీద దాదాపు 8 శాతం తక్కువ ఆక్సిజన్ తెస్తుంది. వేడికి గ్యాస్ కూడా కొంత పల్చబడుతుంది గానీ గాలి తగ్గినంత తగ్గదు. కాబట్టి జనవరిలో 3 దగ్గర ముచ్చటగా పెట్టిన బర్నర్ మే వచ్చేసరికి రెండుకో, ఒకటిన్నరకో దిగిపోతుంది. మనం పైన చూశాం, మూడు కింద సీఓ ఎలా ఎగిరిందో. పైగా బాయిలర్ గదిలో ఎండకి తోడు బాయిలర్ వేడి కూడా. రేకుల కప్పు గదుల్లో 48 డిగ్రీలు చూశాను నేను. బాయిలర్ గది గాలి ఏడాది పొడుగునా ఇంత మారని చోట 3 చెల్లుతుంది. లేదా పొగలో ఆక్సిజన్ చూసి గాలిని తనే సర్దే ఆక్సిజన్ ట్రిమ్ ఉన్న పెద్ద బర్నర్ అయితే అదే సర్దుకుంటుంది. లక్ష కిలో క్యాలరీల లాడ్జి బర్నర్‌కి ఆ హంగు ఎవరు పెడతారు?

ఎండ ఒక్కటే కాదు. సిలిండర్ అడుగుకి వచ్చేటప్పటి గ్యాస్ మొదట వచ్చిన గ్యాస్ లాంటిది కాదు. మన ఎల్‌పీజీలో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీలకే మరుగుతుంది, బ్యూటేన్ సున్నా దగ్గర. తొందరగా ఆవిరయ్యే ప్రొపేన్ ముందు ఎక్కువగా పోయి, చివర్లో బ్యూటేన్ పాలు పెరుగుతుంది. ఒక పాలు ప్రొపేన్ మండడానికి 24 పాళ్ల గాలి చాలు, బ్యూటేన్‌కి 31 పాళ్లు కావాలి. నిండు సిలిండర్ల మీద 3 పెట్టిపోతే, వరుస మారే ముందు గంటల్లో బర్నర్‌కి గాలి చాలదు. కరెంటు పోతే జనరేటర్ మీద నడుస్తుంది కదా, అది 50 హెర్ట్జ్ బదులు 47 తిరిగితే బ్లోయర్ కూడా ఆ మేరకు నెమ్మదిస్తుంది, ఇంకో ఆరు శాతం గాలి హుష్. మే నెల మధ్యాహ్నం, సిలిండర్ అడుగు, జనరేటర్ మీద. మూడూ ఒకేసారి వచ్చే రోజు మంత్రాలయంలో రాదంటారా? అందుకే 4.6. జనరేటర్ ఆన్ చేయించి కూడా ఒక రీడింగ్ తీసుకున్నాను. ఆక్సిజన్ 3.4కి దిగింది, సీఓ 40 లోపే ఉంది. అదీ నాకు కావలసింది.

లెక్క చెప్పమన్నాడు యజమాని. నష్టం 11.9 నుంచి 7.4కి వచ్చింది గనక హై ఫైర్ మీద గ్యాస్ దాదాపు 5 శాతం తగ్గుతుందన్నాను. ముఖం మాడిపోయింది. "ఐదేనా? ఫోన్లో ఇంకొకాయన పాతిక శాతం తగ్గిస్తానన్నాడే!" నూటికి పన్నెండు చిమ్నీలో పోతుంటే పాతిక ఎక్కడినుంచి తెస్తాడో ఆయన్నే అడగమన్నాను. మిగతా గ్యాస్ పోతున్నది బర్నర్‌లో కాదు. మేడ మీద పైపులకి ఇన్సులేషన్ చిరిగి వేలాడుతోంది. సర్క్యులేషన్ పంపు రాత్రంతా ఆగకుండా తిరుగుతోంది, అంటే రాత్రంతా పైపులు ఊరినే వేడి చేస్తున్నాయి. ట్యాంకు 75 డిగ్రీల మీద పెట్టారు. 60 పెట్టుకోమన్నాను. అంతకంటే దించవద్దనీ చెప్పాను, రెండు కారణాలున్నాయి. గోరువెచ్చని ట్యాంకులో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇంకోటి, బాయిలర్‌కి మరీ చల్లటి నీళ్లు తిరిగొస్తే పొగలోని ఆవిరి ట్యూబుల మీద నీరై కారి తుప్పు పడుతుంది. ఎల్‌పీజీ పొగ 50 డిగ్రీలు దాటిన దగ్గరే మంచుబిందువు అందుకుంటుంది. పంపుకి టైమర్ పెట్టించుకోమని, పైపులకి కొత్త ఇన్సులేషన్ చుట్టించుకోమని రాసిచ్చాను. అవి చేయడానికి నేను అక్కర్లేదు, ప్లంబర్ చాలు.

సందు దొరికింది గనక ఇంకోటి చెప్పేస్తాను. అనంతపురం వైపు కొన్ని హోటళ్లు సిలిండర్లు మాని పైపు గ్యాస్‌కి మారుతున్నాయి. మంచిదే, సిలిండర్ల బెడద పోతుంది. అయితే "పైపు మార్చి తగిలిస్తే చాలు" అనుకునేవాళ్లు జాగ్రత్త. పైపులో వచ్చేది మీథేన్. అదే ఘనపరిమాణంలో ఎల్‌పీజీలో సగం కూడా వేడి ఉండదు, దానికి కావలసిన గాలి కూడా ఒకటికి తొమ్మిదిన్నర పాళ్లే. నాజిళ్లు, ప్రెషర్, గవర్నర్ స్ప్రింగ్, గాలి, అన్నీ మార్చి రెండు స్టేజీల మీదా కొలిచాకే వాడాలి. లీకు సంగతి కూడా తిరగబడుతుంది. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, నేలన పాకుతుంది. మీథేన్ తేలిక, కప్పు కింద చేరుతుంది. కింద పెట్టిన గ్యాస్ అలారం పైకి ఎక్కాలి.

లాడ్జి నుంచి పోయేముందు చివరిగా గ్యాస్ వాల్వ్ మూసి బర్నర్ లాకౌట్‌లోకి పోతోందా, అంటే తనంతట తానే ఆగి మళ్లీ వెలగకుండా ఉంటోందా, బ్లోయర్ గాలి గొట్టం విప్పితే ప్రెషర్ స్విచ్ బర్నర్‌ని ఆపుతోందా చూశాను. రెండూ ఆపాయి. ప్రోబ్ రంధ్రానికి స్టీల్ బోల్టు బిగించి, రీడింగులన్నీ తేదీతో, గది వేడితో సహా ఒక కార్డు మీద రాసి ప్యానెల్ లోపల అంటించాను. తర్వాత వచ్చేవాడు ఎవరైనా సరే, ఆ కార్డు చూసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. చిమ్నీ కొసన టోపీ రేకు తుప్పు పట్టి ఒక పక్కకి ఒరిగిపోయింది. వానాకాలంలోపు మార్చమన్నాను. శ్రావణంలో రాఘవేంద్ర స్వామి ఆరాధన అయ్యాక చూద్దామన్నాడు యజమాని. ఆరాధన రోజుల్లోనే బాయిలర్ ఇరవై నాలుగు గంటలూ నడిచేది, ముందే మార్చమని మళ్లీ ఫోన్ చేయాలి.